చెన్నపట్నం ఇళ్ల తగాదాలు

ఈస్టిండియా కంపెనీ తొలి రోజుల్లో మద్రాసులో ఇళ్ల యాజమాన్యంపై తలెత్తిన వివాదాలు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చిన కౌలుతో ఈ ఊరు మొదలైంది. కంపెనీ కట్టుకున్న కోటలోపల తెల్లవారి పట్నం, బయట మనవాళ్ల నల్లపట్నం. ఇళ్ల క్రయవిక్రయాలు చావడి కోర్టులో నమోదయ్యేవి. 1688లో మేయరు కోర్టు వచ్చింది.

అయితే పెద్ద దెబ్బ కోర్టులో తగల్లేదు, యుద్ధంలో తగిలింది. 1746లో ఊరిని పట్టుకున్న ఫ్రెంచివారు నల్లపట్నంలో కోటను ఆనుకొని ఉన్న ఇళ్లను కూల్చేశారు. 1749లో ఊరు చేతికి తిరిగొచ్చాక ఇంగ్లిషువారు, శత్రువుతో కుమ్మక్కయ్యారన్న అనుమానంతో, కోటలోపలి రోమన్ కేథలిక్కుల, ఆర్మీనియన్ల ఇళ్లు లాక్కున్నారు. నేరం రుజువు కావడం కన్నా మతమే ఎక్కువ లెక్కకొచ్చిందనాలి. అడయారుపై వంతెన కట్టించిన ఆర్మీనియన్ వర్తకుడు ఖోజా పెట్రస్ ఉస్కాన్‌కు మాత్రం మినహాయింపు దక్కింది.

పాత నల్లపట్నంలో మిగిలిందీ ఫిరంగులకు అడ్డమని క్రమంగా నేలమట్టమైంది. ఆ ఖాళీ జాగాలోనే 1892లో హైకోర్టు భవనం వెలసింది! అక్కడ మళ్లీ ఇళ్లు లేవకుండా 1773లో పాతిన హద్దురాళ్లలో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో ఇప్పటికీ ఉంది.