పచ్చని పుటలు, పాలిపోయిన ముఖాలు

పాత పత్రికలను సేకరించేవారికి, పుస్తకాలను సేకరించేవారికి దొరకని సుఖం ఒకటి దొరుకుతుంది. పుస్తకం పదికాలాల పాటు నిలవాలన్న ఆశతో పుడుతుంది. పత్రికకు ఆ ఆశ తక్కువ. వచ్చే సంచిక వచ్చేదాకానే దాని ఆయుష్షు. అందువల్ల తన కాలపు ధరలు, వేషాలు, మోజులు, భయాలు అది దాచుకోకుండా మోసుకువస్తుంది. వారపత్రికల్లోని సీరియళ్ళను చించి, కుట్టించి, అట్టలు వేయించి దాచుకున్న తెలుగు ఇళ్ళకు ఈ సంగతి తెలిసినదే. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ కుట్టు పుస్తకాన్ని తెరిస్తే, నవల కన్నా నవల వెనుక పేజీలో సగం తెగిన సబ్బు ప్రకటన దగ్గరే చూపు ఎక్కువసేపు ఆగుతుంది.

ఇంగ్లీషు దేశాలలో ఇలా భద్రపరచబడే పత్రికలలో పల్లె జీవనాన్ని వర్ణించేవాటిది ఒక ప్రత్యేక శాఖ. తోటలు, పెంకుటిళ్ళు, గుర్రాలు, వేటకుక్కలు, పండ్లచెట్లు, చలిమంట ముందు వాలుకుర్చీ – ఇవే వాటి విషయాలు. పెద్ద పుటలు, నునుపైన కాగితం, తీరిగ్గా సాగే వచనం. రోజంతా పనిచేసి వచ్చినవాడికి అరగంటలో ఊరటనిచ్చే చదువు అది. ఆ ఊరటను తక్కువ చేయవలసిన అవసరం లేదు. అయితే ఈ పత్రికలను వరుసగా సేకరించి చదివిన వారికి క్రమంగా ఒక విషయం తెలిసివస్తుంది: పల్లెను గురించిన ఈ పత్రికలు పల్లెవాసుల కోసం పుట్టినవి కావు. వాటిలో కనిపించే పల్లెకూ, అదే సంవత్సరాలలో నిజంగా ఉన్న పల్లెకూ మధ్య దూరం ఎంత ఉన్నదో, ఒక అమెరికన్ పత్రిక చరిత్ర ద్వారా స్పష్టంగా చూడవచ్చు.

నగరం కన్న కల

ఈ తరహా పత్రికలకు ఒరవడి దిద్దినది ఇంగ్లండులో 1897 జనవరి 8న వెలువడిన ‘కంట్రీ లైఫ్’. దానిని స్థాపించిన ఎడ్వర్డ్ హడ్సన్ లండన్ ముద్రాపక కుటుంబానికి చెందినవాడు. అంతకు కొద్దికాలం ముందే, ఛాయాచిత్రాన్ని సన్నని చుక్కలుగా విడగొట్టి అక్షరాలతో పాటే అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. అప్పటిదాకా చిత్రమంటే కొయ్యదిమ్మె మీద చెక్కినదే. ఇప్పుడు ఒక పురాతన భవనపు గోడ మీది నాచు కూడా పాఠకుడి ఒడిలోకి వచ్చి వాలింది.

సాంకేతిక కారణం అది. ఆర్థిక కారణం అంత ఆహ్లాదకరమైనది కాదు. అమెరికా మైదానాల నుంచి చవక గోధుమలు ఓడలలో వచ్చిపడటంతో ఇంగ్లండు వ్యవసాయం కుదేలయింది. 1877లో క్వార్టరు గోధుమల ధర 56 షిల్లింగులు దాటి ఉండగా, 1894 నాటికి 23 షిల్లింగులకు దిగువన పడిపోయింది. అదే 1894లో వారసత్వపు ఆస్తుల మీద కొత్త పన్ను వచ్చింది. భూస్వాములు భవనాలను అమ్మకానికి పెడుతున్నారు. నగరంలో డబ్బు చేసుకున్నవారు కొనడానికి సిద్ధంగా ఉన్నారు. ‘కంట్రీ లైఫ్’ లోపలి పుటలలో పల్లె భవనాల వైభవం ఉంటే, ప్రకటనల పుటలలో పల్లె భవనాల అమ్మకం ఉండేది. రెండూ ఒకే చారిత్రక ఘటనకు రెండు ముఖాలు.

నాలుగేళ్ళ తర్వాత, 1901 నవంబరులో, న్యూయార్కులోని డబుల్‌డే, పేజ్ అండ్ కంపెనీ ‘కంట్రీ లైఫ్ ఇన్ అమెరికా’ మాసపత్రికను ప్రారంభించింది. 1900 నాటి లెక్కల ప్రకారం అమెరికన్లలో ప్రతి 10 మందిలో ఆరుగురు ఇంకా గ్రామీణులే. అయినా రైలు మార్గాల వెంట శివారు పట్టణాలు పెరుగుతున్నాయి. పగలు నగరంలో పనిచేసి సాయంత్రానికి చెట్ల మధ్య ఇల్లు చేరాలనుకునే కొత్త వర్గం తయారయింది. ఆ వర్గమే ఈ పత్రికకు పాఠకవర్గం.

తొలి సంపాదకుడు లిబర్టీ హైడ్ బెయిలీ. మిషిగన్‌లో పండ్లతోటల మధ్య పుట్టి పెరిగి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉద్యానశాస్త్ర ఆచార్యుడైన మనిషి. నేలను ప్రేమించడం ఆయనకు అలంకారం కాదు, వృత్తి. 1903లో ఆయన సంపాదకత్వం ముగిసింది. తర్వాతి సంవత్సరాలలో పత్రిక ధనికుల ఎస్టేట్ల వైపు, మోటారు కార్ల వైపు, అలంకార వనాల వైపు మరింతగా మొగ్గింది. తోట వేయడం మీద, ఇల్లు కట్టడం మీద ప్రత్యేక సంచికలు వచ్చాయి. నేటి సేకర్తలు వెదికేవి ముఖ్యంగా ఈ కాలపు సంచికలనే.

ఒకే పేరు, రెండు పల్లెలు

1908 ఆగస్టులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్, అమెరికన్ గ్రామాల స్థితిగతులను పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించాడు. దాని పేరు ‘కంట్రీ లైఫ్ కమిషన్’. అధ్యక్షుడు లిబర్టీ హైడ్ బెయిలీ. సభ్యులలో ఒకడు వాల్టర్ హైన్స్ పేజ్. డబుల్‌డే, పేజ్ కంపెనీలోని ‘పేజ్’ ఆయనే. ఆ సంస్థలో భాగస్వామి, ‘వరల్డ్స్ వర్క్’ పత్రికకు సంపాదకుడు. అంటే ‘కంట్రీ లైఫ్’ అన్న పేరుతో అందమైన పల్లెను అచ్చువేసిన సంస్థకు చెందిన ఇద్దరు, అదే పేరు గల సంఘంలో చేరి, అసలు పల్లెను చూడటానికి బయలుదేరారన్న మాట.

సంఘం సుమారు 5,50,000 ప్రశ్నావళులను పంపింది. ఇంచుమించు 1,15,000 జవాబులు వచ్చాయి. దేశమంతటా 30 చోట్ల విచారణ సభలు జరిగాయి. 1909 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ముందుకు వెళ్ళిన నివేదికలో ఉన్నవి సారం తగ్గిన నేలలు, బురద బాటలు, అప్పు పుట్టని రైతులు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చాకిరీతో అలసిపోయే రైతుస్త్రీలు, పారిశుద్ధ్యం లేని ఇళ్ళు. నివేదికను ముద్రించి పంచడానికి, సేకరించిన జవాబులను విశ్లేషించడానికి రూజ్‌వెల్ట్ 25,000 డాలర్లు కోరితే కాంగ్రెస్ ఇవ్వలేదు. ఎస్టేట్ల బొమ్మలు నెలనెలా నునుపు కాగితం మీద వెలువడుతూనే ఉన్నాయి. పల్లెల గురించి వచ్చిన లక్షకు పైగా జవాబుల విశ్లేషణకు మాత్రం ఆ డబ్బు దొరకలేదు.

ఆ ప్రయాణంలోనే, దక్షిణ రాష్ట్రాలలో, వైద్య చరిత్రకారులు తరచుగా చెప్పుకునే ఒక సంఘటన జరిగింది. సంఘంతో పాటు ప్రభుత్వ పరాన్నజీవి శాస్త్రవేత్త చార్లెస్ వార్డెల్ స్టైల్స్ కూడా రైలులో ఉన్నాడు. అమెరికాలోని కొంకిపురుగు ఒక ప్రత్యేక జాతి అని 1902లో గుర్తించినవాడు ఆయనే. అప్పుడు పత్రికలు దానికి ‘సోమరితనపు క్రిమి’ అని పేరుపెట్టి నవ్వుకున్నాయి. స్టైల్స్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, నార్త్ కెరొలైనాలో ఒక స్టేషనులో పాలిపోయి, వంగిపోయి నిలబడిన ఒక మనిషి కనిపించాడు. అతనికేమయిందని సంఘ సభ్యుడు హెన్రీ వాలెస్ అడిగాడు. అది సోమరితనం కాదని, కొంకిపురుగు జబ్బు అని, అర డాలరు ఖరీదు చేసే మందుతో కొన్ని వారాలలో ఆ మనిషి పనిమంతుడవుతాడని స్టైల్స్ చెప్పాడు. ఆ మాట పేజ్ చెవిన పడింది. పేజ్ నార్త్ కెరొలైనాలోనే పుట్టి పెరిగినవాడు. అటువంటి ముఖాలను చిన్ననాటి నుంచి చూసినవాడే. వాటి వెనుక ఒక రోగం ఉండవచ్చునని అప్పటిదాకా ఎరగనివాడు.

కొంకిపురుగు కథ సూక్ష్మంగా ఇది. మలంతో కలుషితమైన తడినేలలో దాని లార్వాలు పెరుగుతాయి. చెప్పులు లేని పాదం ఆ నేలను తాకగానే చర్మం గుండా లోపలికి వెళతాయి. రక్తంతో ఊపిరితిత్తులకు చేరి, అక్కడి నుంచి గొంతులోకి ఎగబాకి, మింగబడి, చిన్నప్రేవులలో స్థిరపడతాయి. ప్రేవు గోడను కొరికి పట్టుకొని రక్తం పీలుస్తాయి. ఒక్కొక్క పురుగు తీసుకునే రక్తం కొంచెమే. కాని వందల కొద్దీ పురుగులు ఏళ్ళ తరబడి పీలిస్తే శరీరంలోని ఇనుము తరిగిపోతుంది. పిల్లల ఎదుగుదల ఆగుతుంది, చదువు తలకెక్కదు, పెద్దవారికి నాగలి పట్టే ఓపిక ఉండదు. చూసేవారు దానినే బద్ధకం అంటారు.

పేజ్ చొరవతో స్టైల్స్‌కు వాలెస్ బట్రిక్ పరిచయమయ్యాడు. బట్రిక్ రాక్‌ఫెల్లర్ విద్యాసంస్థ కార్యదర్శి. విషయం రాక్‌ఫెల్లర్ సలహాదారు ఫ్రెడరిక్ గేట్స్ దాకా వెళ్ళింది. 1909 అక్టోబరులో రాక్‌ఫెల్లర్ ఈ పనికి 10 లక్షల డాలర్లు ప్రకటించాడు. ఐదేళ్ళ పాటు దక్షిణ రాష్ట్రాలలో శిబిరాలు నడిచాయి. పరీక్ష చేసిన పిల్లలలో సుమారు 40 శాతం మందికి పురుగులున్నట్లు తేలింది. ఇచ్చిన మందు థైమాల్ – మన వంటింటి వాములో ఘాటును పుట్టించే పదార్థమే – దానితో పాటు విరేచనానికి ఎప్సమ్ లవణం. జబ్బు తిరిగి రాకుండా ఉండటానికి కావలసినవి రెండే: కాలికి చెప్పు, ఇంటికి మరుగుదొడ్డి. 1912లో పేజ్ తన ‘వరల్డ్స్ వర్క్’ పత్రికలో కొంకిపురుగు మీద స్వయంగా వ్యాసం రాశాడు. రాక్‌ఫెల్లర్ సంస్థ ఆ తర్వాత ఈ పనిని ఇతర దేశాలకు విస్తరించింది. 1920లలో తెలుగు జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాజధానిలో కొంకిపురుగు పరిశీలనలు జరిపింది ఆ సంస్థ వైద్యులే. నార్త్ కెరొలైనా స్టేషనులో వేసిన ప్రశ్న ఈ విధంగా సముద్రాలు దాటి వచ్చింది.

చించివేసిన పుటలు

ఇప్పుడు మళ్ళీ సేకర్త బల్ల దగ్గరకు రావాలి. గ్రంథాలయాలు పత్రికలను సంపుటాలుగా బైండు చేయించినప్పుడు చాలాచోట్ల ముఖచిత్రాలను, ప్రకటనల పుటలను తీసివేశాయి. అలమారలో చోటు ఆదా అవుతుందనీ, భావితరాలకు కావలసినవి వ్యాసాలేననీ నాటి నమ్మకం. అందుచేతనే విడి సంచికలను కొన్నది కొన్నట్లే, ఒక్క పుట కూడా చించకుండా దాచిన వ్యక్తుల సేకరణలు ఈనాడు చరిత్రకారులకు విలువైనవిగా మారాయి. అట్టపెట్టెలలో మగ్గిన ఆ సంచికలను ఎవరో ముచ్చటపడి దాచారు. దాచినప్పుడు వారికి చరిత్ర స్పృహ ఉండి ఉండకపోవచ్చు.

ఆ ప్రకటనలలో ఏముంటాయి? గాజు పందిళ్ళు, గులాబి అంట్లు, మేలుజాతి కుక్కలు, మోటారు కార్లు ఉంటాయి. వాటి పక్కనే పల్లె ఇంటికి నీటి సరఫరా ఏర్పాట్లు, పట్టణపు కాలువలు లేనిచోట మురుగును శుద్ధి చేసే తొట్ల ప్రకటనలు ఉంటాయి. నగరం నుంచి వచ్చి పల్లెలో ఇల్లు కట్టుకునేవాడికి పారిశుద్ధ్యం ఒక సరుకుగా దొరికేది. చిరునామా రాసి పంపితే ధరల పట్టిక వచ్చేది. అవే సంవత్సరాలలో, అదే దేశపు దక్షిణ పల్లెలలో, ఇంటికొక మరుగుదొడ్డి కట్టించడానికి శిబిరాల వైద్యులు ఊరూరా బతిమాలుకుంటూ తిరిగారు. వ్యాసాలను మాత్రమే చదివినవారికి ఈ పోలిక అందదు. ప్రకటనతో సహా పూర్తి సంచికను చదివి, పక్కన కమిషన్ నివేదికను పెట్టుకున్నవారికి మాత్రమే అందుతుంది.

దీనిని బట్టి పత్రిక అబద్ధం చెప్పిందనడం న్యాయం కాదు. అందులోని తోటలు నిజంగా ఉన్నవే. వాటిని పెంచినవారి శ్రద్ధ, చిత్రించినవారి నైపుణ్యం నిజమైనవే. చిత్రం చట్రానికి లోపల ఉన్నదంతా నిజం; చట్రం ఎక్కడ ఆగిందన్నదే ప్రశ్న. బెయిలీ, పేజ్ ఇద్దరూ ఆ చట్రానికి లోపలా బయటా కూడా నడిచినవారు. పత్రిక నడిపిన చేతులే నివేదికనూ రాశాయి. పల్లె మీద ఇష్టం లేకపోతే ఆ రెండో పని కూడా జరిగి ఉండేది కాదేమో.

1910లో డబుల్‌డే, పేజ్ సంస్థ తన ముద్రణాలయాన్ని న్యూయార్కు నుంచి లాంగ్ ఐలండ్‌లోని గార్డెన్ సిటీకి తరలించింది. శంకుస్థాపన చేసినవాడు రూజ్‌వెల్టే. ముద్రణాలయం చుట్టూ తోటలు వేసి దానికి ‘కంట్రీ లైఫ్ ప్రెస్’ అని పేరు పెట్టారు. ఉద్యోగుల కోసం పక్కనే ఒక రైలు స్టేషను వెలిసింది. పత్రిక 1940ల తొలి సంవత్సరాలలో ఆగిపోయింది. స్టేషను మాత్రం నేటికీ అదే పేరుతో ఉంది. ప్రతి ఉదయం నగరానికి పనికి వెళ్ళేవారు అక్కడ రైలెక్కుతారు, సాయంత్రం అక్కడే దిగి చెట్ల కిందుగా ఇళ్ళకు నడుస్తారు. 1901లో ఆ పత్రిక మొదటి సంచిక ఊహించుకున్న పాఠకులు అచ్చం అలాంటివారే.