పాఠశాల వివాదాలలో చట్టబద్ధ హక్కుల పరిణామం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం

పాఠశాల వివాదంలో విద్యార్థి, తల్లిదండ్రులు, ఉపాధ్యాయుడు అనే ముగ్గురికీ నేడు చట్టం కొన్ని హక్కులు ఇచ్చింది. అయితే ఈ హక్కులు ఒకే కాలంలోనో, ఒకే చట్టం ద్వారానో రాలేదు. నిజాం పాలనలో నిజామాబాద్ జిల్లా తాలూకాలుగా ఉండి, నేడు కామారెడ్డి జిల్లాలో భాగమైన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల దృష్టితో ఈ పరిణామాన్ని పరిశీలిస్తే, ఒక్కో హక్కు ఒక్కో కార్యాలయానికి దారి చూపిందే తప్ప ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి విచారించే వేదిక ఏర్పడలేదని తెలుస్తుంది. ఆ వేదిక లేకపోవడానికి గల చారిత్రక కారణాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఖాన్గీ పాఠశాలలు, నిర్బంధ విద్య, విద్యాహక్కు చట్టం, శారీరక దండన, ఉపాధ్యాయుల తొలగింపు, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

అనుమతి కోసం అర్జీ

పాఠశాల వివాదమంటే నేడు యాజమాన్యానికీ తల్లిదండ్రులకూ, లేదా ఉపాధ్యాయునికీ విద్యార్థికీ మధ్య తలెత్తే తగాదా అని అనుకుంటాం. హైదరాబాదు సంస్థానంలో అసలు వివాదం బడికీ ప్రభుత్వానికీ మధ్య ఉండేది. ప్రభుత్వ పాఠశాలలు కొద్ది. అక్కడ ఉర్దూకే ప్రాధాన్యం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి అక్షరాభ్యాసం చేయించేది ఊరి పంతులు నడిపే ఖాన్గీ బడి. 1920ల మధ్యలో వచ్చిన ఖాన్గీ పాఠశాలల నిబంధనలు ఆ బడి తెరవాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలని శాసించాయి. దీంతో సొంత ఖర్చుతో ఇంటి అరుగు మీద పది మందికి చదువు చెప్పే పంతులు కూడా విద్యాశాఖకు అర్జీదారుగా మారాడు. ఆ అర్జీని తిరస్కరిస్తే మరెక్కడ చెప్పుకోవాలో అతనికి తెలియదు.

మాడపాటి హనుమంతరావు తన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’లో ఈ నిబంధనలకు ఇచ్చిన ప్రాముఖ్యం ఊరక ఇచ్చింది కాదు. 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల స్థాపించినప్పుడు, దాని గుర్తింపు కోసం ఆయన సంస్థానం వెలుపల, పుణెలో కార్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. రాజధానిలో, పలుకుబడిగల న్యాయవాదికే ఈ స్థితి ఎదురైతే తాలూకా గ్రామాల పంతుళ్ల పరిస్థితిని ఊహించవచ్చు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ మొదలుకొని ఖాన్గీ బడుల స్వేచ్ఛ, నిర్బంధ ప్రాథమిక విద్య ఆంధ్రోద్యమ కోరికలలో స్థానం సంపాదించుకున్నాయి. 1937లో ఆరవ సభ నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల వారికి అది సొంత జిల్లా కేంద్రంలో జరిగిన సభ.

ఇక విద్యార్థికి హక్కు అన్న మాట ఆనాటి నిబంధనలలో వెతికినా దొరకదు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి బహిష్కృతులైన విద్యార్థులు, పి.వి. నరసింహారావుతో సహా, నాగపూర్ వంటి చోట్లకు వెళ్లి చదువు కొనసాగించారు. సంజాయిషీ చెప్పుకొనే అవకాశమివ్వకుండా విద్యార్థిని శిక్షించరాదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు ఘనశ్యామ్ దాస్ గుప్తా వ్యాజ్యంలో స్పష్టం చేయడానికి 1962 దాకా ఆగవలసి వచ్చింది. అదీ ఉత్తరప్రదేశ్ పరీక్షల బోర్డుకు సంబంధించిన తీర్పు.

ముద్దాయి స్థానంలో తండ్రి

పోలీసు చర్య తరువాత హైదరాబాదు రాష్ట్రంలో వచ్చిన 1952 నాటి నిర్బంధ ప్రాథమిక విద్యా చట్టం, విశాలాంధ్ర ఏర్పడ్డాక వచ్చిన 1961 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా చట్టం ఆంధ్ర మహాసభ కోరికను కాగితం మీద తీర్చాయి. వీటి నిర్మాణం మాత్రం గమనించదగినది. ‘నిర్బంధం’ అన్న మాట ప్రభుత్వానికి వర్తించలేదు, తండ్రికి వర్తించింది. బడి లేకపోతే సర్కారును నిలదీసే వీలు తండ్రికి లేదు. బిడ్డను బడికి పంపకపోతే మాత్రం తండ్రికి జరిమానా. పశువుల వెంట, నాట్ల వెంట పిల్లలు పోక తప్పని మెట్ట తాలూకాలలో ఈ జరిమానాను కచ్చితంగా అమలు చేస్తే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. అమలు చేయకపోవడమే అధికారులు చూపిన దయ.

1998లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్య (సమాజ భాగస్వామ్యం) చట్టం తల్లిదండ్రులను మొదటిసారిగా విద్యా కమిటీలలోకి ఎన్నికైన సభ్యులుగా తీసుకువచ్చింది. దాదాపు అర్ధశతాబ్దం పాటు ముద్దాయి స్థానంలో ఉన్నవారికి కుర్చీ దక్కింది. 2009 విద్యాహక్కు చట్టం మరో అడుగు వేసి, పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలనీ 21వ సెక్షన్‌లో చెప్పింది. 10వ సెక్షన్ బిడ్డను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటూనే జరిమానా మాట ఎత్తలేదు. తెలంగాణలో 2024 నుండి ప్రభుత్వ బడుల పనుల పర్యవేక్షణ మహిళా సంఘాల నాయకత్వంలోని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల చేతికి వచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 21వ సెక్షన్ ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు బడులకు వర్తించదు. ఫీజు కట్టని తల్లికి చట్టం కమిటీలో చోటిచ్చింది. ఫీజు కట్టే తల్లికి ఆ చోటు ఇవ్వలేదు. ప్రైవేటు బడుల విషయంలో 1994 జనవరి 1 నాటి జి.ఓ. 1 ఇప్పటికీ ముఖ్యమైన ఆధారం. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు పోవాలనీ, యాజమాన్యానికి మిగిలేది అయిదు శాతమనీ అది లెక్క కట్టింది. ఆ లెక్కను అడిగి చూసే అధికారం ఎవరికన్నది తరువాతి వివాదాలన్నింటికీ మూలం. ఫీజుల నియంత్రణకు జిల్లా కమిటీలు ఏర్పరచిన 2009 నాటి జి.ఓ. 91ని హైకోర్టు 2010లో కొట్టివేసింది. 2017లో తిరుపతిరావు కమిటీ ఏర్పాటై నివేదిక ఇచ్చింది. కోవిడ్ కాలంలో 2020 ఏప్రిల్ 21న జి.ఓ. 46 ఫీజు పెంచరాదనీ, నెలవారీగా బోధన రుసుము మాత్రమే తీసుకోవాలనీ ఆదేశించింది. కరువు వచ్చినప్పుడు బావి తవ్వినట్లుగా సాగిన ఈ వరుసలో తల్లిదండ్రులు నేరుగా ఫిర్యాదు చేయదగిన శాశ్వత వేదిక కుదురుకోలేదు.

ఉపాధ్యాయునికి దక్కిన రక్షణ

ముగ్గురిలో చట్టం ముందుగా గుర్తించింది ఉపాధ్యాయుణ్ణే. 1975 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విద్యాసంస్థల నియంత్రణ చట్టం అధికారి ముందస్తు ఆమోదం లేనిదే ఉపాధ్యాయుణ్ణి తొలగించరాదన్నది. హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ ఉన్నత పాఠశాల దీనిని ప్రశ్నించగా, 1980లో సుప్రీంకోర్టు ముందస్తు ఆమోదపు నిబంధనలు మైనారిటీ సంస్థలకు చెల్లవన్నది. అయితే తీవ్రమైన దుష్ప్రవర్తనపై విచారణ కోసం తప్ప సస్పెండు చేయరాదనీ, సస్పెన్షన్ రెండు నెలలకు మించరాదనీ చెప్పే నిబంధనలను నిలిపింది. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన నిర్వహణ హక్కులో సిబ్బందిని అన్యాయంగా తొలగించే హక్కు ఇమిడి లేదన్న భావన ఆ తీర్పులో అంతర్వాహిని.

1982 విద్యాచట్టం ఈ రక్షణలను మళ్లీ కూర్చింది. 79వ సెక్షన్ ప్రకారం ఆరోపణలు తెలియజేసి, వివరణకు తగిన అవకాశమిచ్చి, విచారణ జరిపిన తరువాతే తొలగింపు. 80వ సెక్షన్ అప్పీలుకు వీలు కల్పించింది. తెలంగాణ ఏర్పడ్డాక కూడా ఇదే చట్టం కొనసాగుతున్నది. కానీ ఆచరణలో నియామక పత్రమే లేని ఉపాధ్యాయుడు, పది నెలల జీతానికి కుదిరిన ఉపాధ్యాయురాలు తాను ‘ఉద్యోగి’నని నిరూపించుకోవడంతోనే కథ మొదలవుతుంది. ఉపాధ్యాయుడు పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే ‘కార్మికుడు’ కాదని 1988లో సుందరాంబాళ్ వ్యాజ్యంలో తేలింది కనుక కార్మిక న్యాయస్థానం తలుపు మూసుకుంది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు జిల్లా స్థాయిలో విద్యా ట్రిబ్యునళ్లు ఉండాలన్నది. ప్రైవేటు సేవా ఒప్పందపు వివాదానికి ప్రజాచట్టంతో సంబంధం లేకపోతే రిట్ చెల్లదని 2022లో సెయింట్ మేరీస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తేల్చడంతో హైకోర్టు దారి కూడా ఇరుకైంది. ప్రైవేటు ఉపాధ్యాయులకు నిస్సందేహంగా దక్కిన మేలు గ్రాట్యుటీ. 2009 సవరణ దానిని 1997 ఏప్రిల్ 3 నుండి వర్తింపజేసింది. 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది.

బెత్తం నుండి బాలుని హక్కు వరకు

కోదండం వేయడం, గోడకుర్చీ, తొడపాశం. తెలుగు వీధిబడి స్మృతులలో ఇవి వేళాకోళపు జ్ఞాపకాలుగా మిగిలాయి. బిడ్డను అప్పగిస్తూ బాగా కొట్టి చదువు చెప్పమనే తల్లిదండ్రులూ ఉండేవారు. తండ్రికి గల దండనాధికారం గురువుకు సంక్రమిస్తుందన్న ఆంగ్ల న్యాయసూత్రం ఈ ఆచారానికి చక్కగా అతికింది. దానిని ఇక్కడ తెంచింది 2002 ఫిబ్రవరి 18 నాటి జి.ఓ. 16. 1966 విద్యా నియమాలలోని 122వ నియమాన్ని సవరించి అది శారీరక దండనను నిషేధించింది. ఉన్నికృష్ణన్ వ్యాజ్యంలో, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రతివాదిగా ఉన్న వ్యాజ్యంలో, పద్నాలుగేళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. 2002 రాజ్యాంగ సవరణ దానిని 21ఎ అధికరణంగా చేర్చింది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. 16వ సెక్షన్ బడి నుండి బహిష్కరించరాదంటుంది. 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారాలనుకునే బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేర్చుకోవడం మానరాదు. బకాయి కోసం టీసీ బిగబట్టే అలవాటుకు చట్టపరమైన జవాబు ఇదే.

అయితే ఈ చట్టపు ‘బాలుడు’ ఆరు నుండి పద్నాలుగేళ్ల లోపువాడు. పదో తరగతిలో పదిహేనేళ్ల అమ్మాయి చెంప దెబ్బ తింటే 17వ సెక్షన్ ఆమెకు వర్తించదు. ఆమెను కాపాడేది పాత 122వ నియమం, శిక్షాస్మృతి, 2015 బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్. ఆ చట్టంలోనే శారీరక దండన అన్న శీర్షికతో ఉన్న 82వ సెక్షన్ బాలల సంరక్షణ సంస్థలకే పరిమితం. ఆ భేదం గమనించకుండా దానిని బడులకు అన్వయించడం పొరపాటు. లైంగిక వేధింపు విషయంలో మాత్రం 2012 పోక్సో చట్టానికి సందిగ్ధత లేదు. పద్దెనిమిదేళ్ల లోపు వారందరికీ వర్తిస్తుంది. తన కింది ఉద్యోగి నేరాన్ని పోలీసులకు తెలపని సంస్థ బాధ్యునికి ఏడాది వరకు జైలు. బడి పరువు పేరుతో రాజీకి కూర్చునే పెద్దమనుషులకు ఈ చట్టం చోటివ్వలేదు.

ఒక దెబ్బ, మూడు గుమ్మాలు

ఎల్లారెడ్డిలోని ఒక ప్రైవేటు బడిలో పన్నెండేళ్ల పిల్లవాణ్ణి ఉపాధ్యాయుడు కొట్టాడని ఊహిద్దాం. 17వ సెక్షన్ ఉల్లంఘనకు శిక్ష సేవా నియమాల ప్రకారం క్రమశిక్షణ చర్య. ప్రైవేటు బడిలో ఆ సేవా నియమాలే లేకపోతే? బడి ముందు బంధువులు గుమిగూడితే యాజమాన్యానికి తోచే సులువైన మార్గం సాయంత్రానికి ఆ ఉపాధ్యాయుణ్ణి మానిపించడం. ఆ ఒక్క మాటతో రెండు చట్టాలు పక్కకు పోతాయి. 79వ సెక్షన్ చెప్పిన విచారణ జరగదు. ఆ విచారణ జరిగితే వినబడవలసిన పిల్లవాడి మాట కూడా ఎక్కడా నమోదు కాదు. ఎంత మంది పిల్లలను ఒకే గదిలో కుక్కారు, శిక్షణ లేనివారిని ఎందుకు నియమించారు అన్న ప్రశ్నల నుండి యాజమాన్యం బయటపడుతుంది. పిల్లవాడి హక్కూ ఉపాధ్యాయుని హక్కూ పరస్పర విరుద్ధాలన్న అభిప్రాయం ఇలాంటి సందర్భాలలోనే పుడుతుంది. రెండూ కోరేది ఒకే విచారణను.

చట్టంలో దారులు లేకపోలేదు. 32వ సెక్షన్ ప్రకారం బిడ్డ హక్కుకు సంబంధించిన ఫిర్యాదు స్థానిక అధికార సంస్థకు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఉభయుల వాదం విని మూడు నెలల్లో తేల్చాలి. ఆపై అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు, అంటే హైదరాబాదుకు. ఉపాధ్యాయుడి అప్పీలు విద్యాశాఖకు. ఫీజు సంగతి మరో దస్త్రం. ముగ్గురూ ఒకే బడి నుండి బయలుదేరి మూడు గుమ్మాల ముందు నిలబడతారు. ఒకరి విచారణలో మరొకరు సాక్షిగా కూడా ఉండరు.

2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడడంతో జిల్లా విద్యాధికారి కార్యాలయం నిజామాబాద్ నుండి దగ్గరికి వచ్చింది. ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2022 జూన్ 2న కొత్త జిల్లా న్యాయస్థానాలతో పాటు కామారెడ్డికీ జిల్లా కోర్టు వచ్చింది. అర్జీదారు నడవవలసిన దూరం నిజంగానే తగ్గింది. అయినా 32వ సెక్షన్ పేరు ఎరగని తల్లికి తెలిసిన దారి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి. అక్కడ ఇచ్చిన అర్జీకి రసీదు దొరుకుతుంది. అది విద్యాశాఖకు, అక్కడి నుండి విచారణ నిమిత్తం మండల విద్యాధికారికి చేరుతుంది. ఉభయుల వాదం వినాలన్న నియమం గాని, మూడు నెలల గడువు గాని ఆ కాగితంతో పాటు ప్రయాణించవు.