కొండగొర్రె గొర్రె కాదు

అమీర్‌పేట, పంజాగుట్టల నుంచి శ్రీశైలం వెళ్లేవారు మన్ననూరు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అడుగుపెడతారు. ఆ నల్లమల అడవుల్లో ‘కొండగొర్రె’ అనే జంతువు ఉంది. పేరును బట్టి అడవి గొర్రె అనుకుంటాం. కానీ అది చౌసింగా, నాలుగు కొమ్ముల జింక. వర్గీకరణలో గొర్రెల కన్నా ఆవులకే దగ్గర. దాని సమీప బంధువు మనుబోతు.

అసలైన అడవి గొర్రెను చూడాలంటే లడఖ్ వెళ్లాలి. సింధు, ష్యోక్ లోయల్లోని పొడి కొండవాలుల్లో యూరియల్ మేస్తుంది. పల్లెలు, పొలాలు, రోడ్లు, పెంపుడు మందలు కూడా ఆ లోయలనే పట్టుకుని ఉండటంతో దానికి చోటు తగ్గింది. యూరియల్, చౌసింగా రెండింటినీ ఐయూసీఎన్ ముప్పు పొంచి ఉన్న (వల్నరబుల్) జాతులుగానే లెక్కిస్తోంది.

చౌసింగా భారత్, నేపాల్‌లలో తప్ప మరెక్కడా సహజంగా లేదు. ప్రపంచం మొత్తం మీద ఎదిగిన జంతువులు పదివేల లోపేనని అంచనా. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం దాన్ని మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. బరువు ఇరవై కిలోల అటూ ఇటూ. ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుంది, అలికిడి వింటే గడ్డిలో కదలకుండా నిలబడిపోతుంది. కాబట్టి కనిపించలేదన్నంత మాత్రాన లేదని తేల్చకూడదు.

ఉందని తేల్చడమూ అంత తేలిక కాదు. కొమ్ములు మగదానికే ఉంటాయి. ముందరి చిన్న జత చాలా పొట్టిది, దూరం నుంచి కానరాదు. మొరిగే జింకల్లోనూ ఆడవాటికి కొమ్ములుండవు. పైగా తెలుగులో మొరిగే జింకనూ ‘కుక్కగొర్రె’ అంటారు. అందువల్ల ఊళ్లో ‘గొర్రెను చూశాం’ అన్న మాట ఒక్కటే ఆధారంగా పటంపై చుక్క పెట్టడం నాకు సమ్మతం కాదు. అలాగని అడవి ఎరిగిన చెంచుల మాటను పక్కన పెట్టనూ కూడదు. ఆ మాట మనల్ని వెతకాల్సిన చోటికి చేరుస్తుంది.

ఆ చోట రెండు ఆనవాళ్లు చూడాలి. చౌసింగా మళ్లీ మళ్లీ ఒకేచోట పెంటికలు వేస్తుంది, ఆ కుప్పలు దాని ఉనికికి గుర్తు. రెండోది నీరు: తరచూ తాగాలి గనుక ఎండాకాలంలో మడుగులను వదిలి దూరం పోదు. అక్కడ కెమెరాలు పెడితే సందేహం తీరుతుంది.

అటవీ సర్వేలు చేసేవారికి నా విన్నపం ఒక్కటే: ‘కొండగొర్రె ఉందా?’ అని అడిగి ఆగిపోకండి. ‘కొమ్ములెన్ని, ఏ మడుగు దగ్గర, ఏ నెలలో?’ అని అడిగి, చెప్పినవారి మాటల్లోనే రాసుకోండి.