గర్భసంచి ఆపరేషన్‌కు ముందు భయం: ఎండోమెట్రియోసిస్ రోగుల సందర్భంలో ఒక పరిశీలన

తెలుగునాట గర్భసంచి ఆపరేషన్ గురించి తెలియని ఇల్లు అరుదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో వారు 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. ఇంత మామూలైపోయిన చోట భయపడే మనిషి మాట ఎవరి చెవికీ ఎక్కదు. "మా వదిన చేయించుకోలేదా? నెల తిరక్కుండా కూలికి పోయింది" అంటారు ఇరుగుపొరుగు. "ఏం కాదమ్మా, గంట పని" అంటారు ఆసుపత్రిలో. ఇద్దరూ ధైర్యం చెప్పాలనే అంటారు. ఆమె అడగదలచుకున్నది మాత్రం గొంతులోనే ఆగిపోతుంది.

ఎండోమెట్రియోసిస్ కారణంగా గర్భసంచి తీయించుకోబోయే స్త్రీ భయంలో పెద్ద భాగం జవాబు దొరకని ప్రశ్నలేనని ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా భయాన్ని మాత్రమే తగ్గించబూనడం వైద్యపరంగా తక్కువ ఫలితమిస్తుంది, నైతికంగా తప్పు అవుతుంది. కొంత భయం దుఃఖానికి మరో రూపం. దానికి సమాచారం మందు కాదు. ఈ రెంటినీ వేరుచేసి చూడటం అవసరం.

ఈ జబ్బు తెచ్చే ప్రత్యేకమైన భయం

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం ఆ సంచి వెలుపల, అండాశయాల మీద, పొత్తికడుపు పొర మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పునరుత్పత్తి వయసులోని స్త్రీలు, బాలికలలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంది. నెలసరి రక్తం కొంత ఫలోపియన్ నాళాల గుండా వెనక్కి పారి కడుపులో చేరుతుందని 1920లలో అమెరికన్ వైద్యుడు జాన్ శాంప్సన్ ప్రతిపాదించాడు. జబ్బుకు ఆ పేరు స్థిరపడింది కూడా అతని రాతల వల్లనే. అయితే వెనక్కి పారడం చాలామంది స్త్రీలలో జరుగుతుంది, జబ్బు కొందరికే వస్తుంది. కాబట్టి ఆ సిద్ధాంతం ఒక్కటే అంతా వివరించలేదు.

జబ్బు గర్భసంచి బయట ఉన్నప్పుడు గర్భసంచి తీస్తే అది ఎలా పోతుంది? ఇది చదువుతో పనిలేకుండా ఏ స్త్రీకైనా తట్టే ప్రశ్న. ఆపరేషన్ ముందు రాత్రి నిద్ర పట్టనివ్వని ప్రశ్న కూడా ఇదే. దీన్ని అమాయకపు భయంగా కొట్టిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే వైద్యశాస్త్రం కూడా ఇదే అడుగుతోంది. యూరప్‌లోని సంతానోత్పత్తి వైద్యుల సంఘం ఈష్రే 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ ఆపరేషన్‌ను ఇకపై పిల్లలు వద్దనుకున్నవారికి, ఇతర చికిత్సలు పనిచేయనివారికి పరిశీలించవచ్చని అంటూనే, దీనివల్ల బాధ గానీ జబ్బు గానీ తప్పనిసరిగా నయం కాకపోవచ్చని రోగికి ముందే చెప్పాలంటాయి. గర్భసంచితో పాటు కనిపించిన ఎండోమెట్రియోసిస్ మచ్చలన్నిటినీ తొలగించాలని కూడా అంటాయి. గర్భసంచి మాత్రమే తీసి మచ్చలు వదిలేస్తే నొప్పికి మూలం లోపలే ఉండిపోవచ్చు.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. అడెనోమయోసిస్ అనే జబ్బులో ఆ కణజాలం గర్భసంచి కండరం లోపలికే చొచ్చుకుపోతుంది. ఈ రెండు జబ్బులూ ఒకే స్త్రీలో కలిసి ఉండటం తరచుగా చూస్తాం. నొప్పికి, అధిక రక్తస్రావానికి అసలు కారణం అడెనోమయోసిస్ అయినప్పుడు గర్భసంచి తీయడం వల్ల ఊరట దొరికే అవకాశం బాగా ఎక్కువ. అందువల్ల "నా నొప్పి గర్భసంచిలోదా, దాని బయటిదా?" అన్నది ఆపరేషన్ ఒప్పుకునే ముందు ప్రతి రోగీ అడగదగ్గ ప్రశ్న. స్కానింగ్, ఎమ్మారై సాయంతో చాలావరకు జవాబు చెప్పగలిగిన ప్రశ్న కూడా. ఈ జవాబు దొరికిన స్త్రీ భయం, దొరకని స్త్రీ భయం ఒక్కటి కావు.

అండాశయాల సంగతి మరింత చిక్కు. 1995లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఎండోమెట్రియోసిస్‌కు గర్భసంచి తీయించుకున్న 138 మంది రికార్డులను పరిశీలించారు. అండాశయాలు ఉంచిన 29 మందిలో 62 శాతానికి నొప్పి తిరిగి వచ్చింది, 31 శాతానికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. రెండు అండాశయాలూ తీసిన 109 మందిలో ఆ అంకెలు 10 శాతం, 3.7 శాతం. చూడగానే అండాశయాలు తీయించుకోవడమే మేలనిపిస్తుంది. కానీ ఇవి పాత రికార్డులను తిరగేసి తీసిన లెక్కలు, అండాశయాలు ఉంచినవారి సంఖ్య చాలా చిన్నది. పైగా 35 ఏళ్ల స్త్రీకి రెండు అండాశయాలూ తీస్తే పదేళ్ల తర్వాత రావలసిన ముట్లుడగడం ఒక్క పూటలో వచ్చి పడుతుంది. వేడి ఆవిర్లు, నిద్రలేమి, యోని పొడిబారడం వెంటనే మొదలవుతాయి. ఎముకలు పెళుసుబారడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం నెమ్మదిగా తెలిసొస్తాయి. చిన్న వయసులో అండాశయాలు తీసినవారికి, వద్దనడానికి ప్రత్యేక కారణం లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ చికిత్స ఇవ్వాలన్నది అంగీకృత వైద్యం. మన ఊళ్లలో ఆపరేషన్ అయిన ఎంతమంది ఈ మాట విన్నారో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

భయం గురించి పరిశోధనలు చెప్పేది

1958లో యేల్ మనస్తత్వవేత్త ఇర్వింగ్ జానిస్ ఆపరేషన్‌కు ముందు మధ్యస్థంగా భయపడేవారే తర్వాత బాగా తట్టుకుంటారని వాదించాడు. రాబోయే కష్టాన్ని మనసు ముందే కొంత నమిలి సిద్ధపడుతుందని అతని ఊహ. తర్వాతి పరిశోధనలు ఈ లెక్కను బలపరచలేదు. ముందు భయం ఎంత ఎక్కువైతే తర్వాత బాధ అంత ఎక్కువన్నదే చాలా వాటిలో తేలింది. అయినా జానిస్ ఆలోచనలోని ఒక అంశం విలువైనదని నా అభిప్రాయం: చింతించడం కూడా మనసు చేసే పనే, ఆ పనికి సామగ్రి కావాలి. ఏం జరగబోతోందో తెలియని మనసు దేన్ని పట్టుకుని సిద్ధపడుతుంది?

1964లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఎగ్బర్ట్ బృందం చేసిన ప్రయోగం ఈ ప్రశ్నకు ఇప్పటికీ గట్టి జవాబు. కడుపు ఆపరేషన్లకు వచ్చిన 97 మందిలో ఒక వర్గానికి మత్తు డాక్టరు ముందురోజే వచ్చి నొప్పి ఎక్కడ ఉంటుందో, ఎంత తీవ్రంగా, ఎంతకాలం ఉంటుందో చెప్పాడు. కడుపు కండరాలు బిగుసుకోవడం వల్లనే అది పెరుగుతుందని వివరించి, ఎలా ఊపిరి తీయాలో, పక్కకు ఎలా తిరగాలో నేర్పాడు. ఆపరేషన్ తర్వాత కూడా వచ్చి పలకరించాడు. రెండో వర్గానికి ఈ వివరాలేవీ చెప్పలేదు. ఎవరు ఏ వర్గమో సర్జన్లకు తెలియదు. వివరం తెలిసినవారికి మత్తు నొప్పిమందులు దాదాపు సగమే సరిపోయాయి, సగటున 2.7 రోజుల ముందే ఇంటికి వెళ్లారు. ఇందులో "ఏం కాదు" అన్న మాటే లేకపోవడం గమనార్హం. నొప్పి ఉంటుందని చెప్పడమే వారికి మేలు చేసింది.

సరిగ్గా గర్భసంచి ఆపరేషన్ మీదే 2000లో జీవ్ కెయిన్ బృందం 53 మంది స్త్రీలను పరిశీలించి, ముందు ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి వార్డులోనూ, ఇంటికి వెళ్లాకా నొప్పి ఎక్కువగా ఉందని చూపింది. ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పితో బతికిన స్త్రీల నాడీవ్యవస్థ నొప్పి విషయంలో ముందే అతి సున్నితంగా మారి ఉంటుంది. కాబట్టి ఎండోమెట్రియోసిస్ రోగులలో ఈ సంబంధం మరింత పట్టించుకోదగ్గది. శ్వాస వ్యాయామం, సంగీతం వంటివీ ఉపయోగమే. 2013 కాక్రేన్ సమీక్ష 26 ప్రయోగాలను కలిపి చూసి, ఆపరేషన్‌కు ముందు సంగీతం వినడం ఆందోళన తగ్గించగలదని తేల్చింది. స్ట్రెచర్ మీద ఎదురుచూసే ఆ అరగంటకు అవి చాలు. నిర్ణయం తీసుకునే నెలల భయానికి చాలవు.

ఏయే భయాలు

మత్తు భయం అన్నిటికంటే ముందు వస్తుంది. మధ్యలో మెలకువ వస్తే? అసలు లేవకపోతే? మొదటిదానికి లెక్కే ఉంది: బ్రిటన్, ఐర్లండ్ మత్తు వైద్యులు జరిపి 2014లో వెలువరించిన జాతీయ ఆడిట్‌లో పూర్తి మత్తు ఇచ్చిన దాదాపు 19,000 మందిలో ఒకరు మెలకువ వచ్చినట్టు ఫిర్యాదు చేశారు. ఇలాంటి అంకెను మత్తు డాక్టరు ఎదురుగా కూర్చుని నోటితో చెప్పినప్పుడే అది ధైర్యమవుతుంది.

ఒంటి గురించిన భయాలు మన నోళ్లలో తరతరాలుగా నానుతున్నవి. సంచి తీస్తే నడుము పోతుంది, ఒళ్లు వచ్చేస్తుంది, మగడికి పనికిరాం, ఆడతనం పోతుంది. "ఆ ఖాళీలో ఏముంటుందమ్మా?" అన్నది నవ్వాల్సిన ప్రశ్న కాదు. పేగులు సర్దుకుని ఆ చోటు నింపుతాయి, యోని పైభాగాన్ని కుట్టి మూసేస్తారు, అది మానేదాకా దాంపత్యానికి దూరంగా ఉండాలి. అండాశయాలు ఉంచితే హార్మోన్లు చాలావరకు వస్తూనే ఉంటాయి. కలయికలో నరకం అనుభవించిన ఎండోమెట్రియోసిస్ రోగులకు ఆపరేషన్ తర్వాత ఆ నొప్పి తగ్గవచ్చు కూడా. అండాశయాలు కూడా తీస్తే పైన చెప్పిన మార్పులన్నీ నిజంగానే వస్తాయి. "ఆడతనం పోతుంది" అన్న భయంలో ఎంత నిజముందన్నది ఏ ఆపరేషన్ అన్నదాన్ని బట్టి మారుతుందన్నమాట. అందుకే ఏమేం తీస్తారో స్పష్టంగా తెలియకుండా ఆమెకు ధైర్యం చెప్పగల వారెవరూ ఉండరు.

ఇంటి భయాలు బయటికి చెప్పుకోనివి. ఆరు వారాలు బరువెత్తకూడదంటే నీళ్ల బిందె ఎవరు మోస్తారు, చంటివాడిని ఎవరు ఎత్తుకుంటారు, కూలి డబ్బులు ఎలా? దీనికి కావలసింది మనుషుల సాయం. ఆపరేషన్ తేదీ ఖాయం చేసే ముందే కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడటం వైద్యంలో భాగం కావాలి.

ఇక పిల్లలు లేని స్త్రీ భయం. ఈ జబ్బే చాలామందికి సంతానాన్ని దూరం చేసింది. ఇప్పుడు ఆశకు మిగిలిన ఆఖరి చోటును కూడా ఆమె తన చేతులతో వదులుకోవాలి. దత్తత ఉందిగా, ఇప్పుడు ఎన్నో పద్ధతులున్నాయిగా అని అప్పుడే చెప్పబోవడం క్రూరత్వం. ఆమె ఏడవడానికి సమయం, ఆ ఏడుపు వినే మనిషి కావాలి. నొప్పి భరించలేనిదే అయినా ప్రాణాపాయం లేనంతవరకు ఆపరేషన్ వాయిదా వేసుకునే వీలుంది. ఆ వీలు ఆమెదని చెప్పడం కనీస ధర్మం.

సమ్మతి, భయం

1995 మేలో ఢిల్లీలో జరిగిన ఒక ఘటన ఈ చర్చకు ఆయువుపట్టు. దీర్ఘకాలపు రక్తస్రావంతో వచ్చిన 44 ఏళ్ల అవివాహిత, కారణం తెలుసుకోవడానికి లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకుంది. మత్తులో ఉండగా ముదిరిన ఎండోమెట్రియోసిస్ కనిపించింది. బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు, నాళాలు అన్నీ తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదని, తెలివి వచ్చాక అడగడానికి వీలున్నప్పుడు తల్లి సంతకం చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు "ఆమె మంచికే" అన్న వాదన నిలవదని 2008 జనవరి 16న కోర్టు తీర్పు చెప్పింది. చికిత్స స్వభావం, అవసరం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు తగినంతగా చెప్పి తీసుకున్నదే సమ్మతి అని కూడా నిర్దేశించింది.

నిద్రపోయి లేచేసరికి చెప్పనిది ఏదో తీసేసి ఉంటారన్న భయం ఊహాజనితం కాదని ఈ కేసు చెబుతోంది. తెలుగునాట దానికి సామూహిక అనుభవం కూడా తోడుంది. మెదక్ జిల్లా పల్లెల్లో అవసరం లేకుండా జరిగిన గర్భసంచి ఆపరేషన్లను డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి వంటివారు ఏళ్ల క్రితమే వెలుగులోకి తెచ్చారు. అనవసరపు ఆపరేషన్లను ఆపడానికి 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని 3 నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఇంత చరిత్ర ఉన్న నేల మీద భయపడే స్త్రీని పిరికిది అనడం అన్యాయం. వేరే డాక్టరు అభిప్రాయం కూడా అడుగుతానంటే చిన్నబుచ్చుకోకూడదు. అవసరమై, ఆలోచించి, సరైన కారణంతో ఆపరేషన్ చేయించుకునే ఎండోమెట్రియోసిస్ రోగి కూడా ఈ అపనమ్మకపు బరువు మోస్తూనే వస్తుంది.

భయాన్ని కొలిచే సాధనాలను కూడా ఈ దృష్టితో సవరించుకోవాలి. 1996లో నెదర్లాండ్స్‌లో రూపొందిన ఆమ్‌స్టర్‌డామ్ ప్రశ్నావళిలో ఆరే ప్రశ్నలు. మత్తు గురించి, ఆపరేషన్ గురించి ఎంత బెంగ, ఎంత తెలుసుకోవాలని ఉంది అని అడుగుతుంది. అక్షరాలు రానివారిని కూడా రెండు నిమిషాల్లో నోటితో అడిగేయవచ్చు. బెంగను, తెలుసుకోవాలన్న కోరికను పక్కపక్కనే వేర్వేరుగా కొలవడం దాని గొప్పతనం. తెలుగులో వాడేటప్పుడు ఎండోమెట్రియోసిస్ రోగులకు దానికి మరో రెండు ప్రశ్నలు చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. ఆపరేషన్ తర్వాత నొప్పి తిరిగి వస్తుందన్న భయం ఎంత ఉంది? మీలోంచి ఏమేం తీస్తారో మీకు ఎంతవరకు తెలుసు? ఈ రెండింటినీ అడగవలసింది ఆసుపత్రిలో చేరిన రాత్రి, ఖాళీ కడుపుతో, చేతికి సూది గుచ్చాక కాదు. ఆపరేషన్ మాట మొదట ఎత్తిన రోజునే, వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమని, ఆమెను ఒంటరిగా అడగాలి. "ఏం తీస్తారో తెలియదు" అని ఆమె చెబితే తేదీ రాయడం ఆపి, బొమ్మ గీసి చూపించి, మరో రోజు రమ్మనాలి.