కండర సడలింపు మందులు – పరుగు సాధన

పట్టేసిన కండరాల బిగువు తగ్గించడానికి వైద్యులు రాసే మందులను మజిల్ రిలాక్సెంట్లు, అంటే కండర సడలింపు మందులు అంటారు. నడుము, మెడ పట్టేసినప్పుడు వీటిని ఎక్కువగా రాస్తారు. పిక్కో తొడ వెనక కండరమో పట్టేసిందని రన్నర్లు కూడా వీటిని వాడుతుంటారు. థయోకోల్చికోసైడ్, క్లోర్‌జోక్సజోన్, టిజానిడిన్, మెథోకార్బమాల్, సైక్లోబెంజాప్రిన్, బాక్లోఫెన్ వీటిలో ముఖ్యమైనవి.

పేరు చూసి ఇవి నేరుగా కండరం మీదే పనిచేస్తాయనుకుంటాం. పిక్క కోసం మింగిన మాత్ర పిక్కను వెతుక్కుంటూ పోదు. ఈ మందుల్లో దాదాపు అన్నీ మెదడు, వెన్నుపాముల మీద పనిచేస్తాయి. టిజానిడిన్, బాక్లోఫెన్ వెన్నుపాము నుంచి కండరాలకు వెళ్లే సంకేతాల జోరు తగ్గిస్తాయి. సైక్లోబెంజాప్రిన్ నిర్మాణం అమిట్రిప్టిలిన్ అనే పాతకాలపు డిప్రెషన్ మందుకు చాలా దగ్గర. కండరంలోనే కాల్షియం విడుదలను అడ్డుకునే మందు డాంట్రోలిన్ ఒక్కటే. నరాల జబ్బులవల్ల కండరాలు బిగుసుకుపోయే రోగులకు దాన్ని వాడతారు, రన్నర్లకు రాయరు.

పరుగుకు వచ్చే చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నాడీమండలం మొత్తం నెమ్మదించాక కాలొక్కటే చురుగ్గా ఉండదు. నిద్రమత్తు, తల తిరగడం, నీరసం సాధారణంగా కనిపించే దుష్ఫలితాలు. గతుకుల రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు మడమ ఎలా పడుతోందో శరీరం ప్రతి అడుగుకూ పసిగట్టి సరిచేసుకుంటుంది. మత్తులో ఆ సవరణ ఆలస్యమైతే చీలమండ మెలిపడుతుంది. తెల్లవారుజామున, చీకటి ఉండగానే వాహనాల పక్కన పరుగెత్తేవారికి ప్రమాదం మరీ ఎక్కువ. సైక్లోబెంజాప్రిన్ రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 18 గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్న మాత్ర పొద్దుటి పరుగులోనూ ఉంటుందన్నమాట. అదే మందు చెమటను తగ్గించగలదు, గుండె వేగం పెంచగలదు. మన ఏప్రిల్, మే ఎండల్లో అలాంటి ఒంటితో సాధన చేయడం వడదెబ్బను పిలవడమే.

టిజానిడిన్ ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది కానీ రక్తపోటును తగ్గిస్తుంది. జోరుగా పరుగెత్తి ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి మామూలుగానే తల తిరుగుతుంది. ఈ మందు తోడైతే కళ్లు తిరిగి పడిపోవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు టిజానిడిన్ వేసుకోకూడదు. రక్తంలో టిజానిడిన్ స్థాయి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మన దేశంలో సడలింపు మందు తరచూ ఒంటరిగా రాదు. థయోకోల్చికోసైడ్‌ను ఎసిక్లోఫెనాక్‌తో, క్లోర్‌జోక్సజోన్‌ను పారాసిటమాల్‌తోనూ మరో నొప్పి మందుతోనూ కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు. సడలింపు కోసం వేసుకున్నామనుకునేవారు నొప్పి మందునూ మింగుతున్నారు. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో దూరపు పరుగు తీస్తే కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఎసిక్లోఫెనాక్ వంటి మందులు ఆ భారాన్ని ఇంకా పెంచుతాయి. ఇక థయోకోల్చికోసైడ్ శరీరంలో మారి తయారయ్యే ఒక పదార్థం కణాల్లో క్రోమోజోముల సంఖ్యను దెబ్బతీయగలదని తేలడంతో 2013లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ దాని వాడకాన్ని కుదించింది. మాత్రలను 7 రోజులకు, ఇంజెక్షన్లను 5 రోజులకు మించి వాడకూడదని, 16 ఏళ్లలోపువారికి, గర్భిణులకు ఇవ్వకూడదని చెప్పింది. పాత చీటీ చూపించి నెలల తరబడి తెచ్చుకునే మందు కాదది.

ఇంతా చేసి లాభమెంత? అప్పుడే వచ్చిన నడుము నొప్పికి నాప్రోక్సెన్ అనే నొప్పి మందు ఒక్కటే ఇచ్చినా, దానికి సైక్లోబెంజాప్రిన్ కలిపి ఇచ్చినా వారం తర్వాత ఫలితంలో తేడా లేదని 2015లో అమెరికాలో వచ్చిన అధ్యయనం తేల్చింది. పరుగులో వచ్చే పిక్కల పట్టు విషయంలో ఈ మందుల అవసరం ఇంకా తక్కువ. అలసిన కండరానికి నరాల నుంచి ఉద్రేకం అదుపు తప్పి ఎక్కువగా అందడమే దానికి ప్రధాన కారణమని చాలామంది నిపుణుల అభిప్రాయం. ఆగి, కాలు చాపి, పాదాన్ని ఒంటివైపు లాగిపట్టుకుంటే సాధారణంగా వదులుతుంది.

గాయపడిన చోటును కదలనివ్వకుండా కాపాడేందుకు కూడా కండరం బిగుసుకుంటుంది. మందుతో ఆ కాపలా తీసేసి అదే కాలితో పరుగెత్తితే చిన్న చిరుగు పెద్దదవుతుంది. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యే యువకులకు ఈ మాట గట్టిగా చెప్పాలి. పరీక్ష దగ్గరపడుతోందన్న ఆత్రంలో మాత్ర వేసుకుని మైదానానికి వెళ్తే, ఆ ఏడాది అవకాశమే పోవచ్చు. మందు వాడుతున్నన్ని రోజులూ పరుగు మానేసి, మత్తు లేకపోతే మెల్లగా నడవడం మేలు. ఎక్కువకాలంగా బాక్లోఫెన్ వాడుతున్నవారు మాత్రం పరుగు కోసమని దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. మూర్ఛ, భ్రమలు రావచ్చు. వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

మాత్రతో కప్పిపుచ్చకూడని నొప్పులు కొన్ని ఉన్నాయి. ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. కాలి ఎముక మీద వేలితో నొక్కిన చోటే నొప్పి పుడితే ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. మెథోకార్బమాల్, క్లోర్‌జోక్సజోన్ మూత్రం రంగును మార్చగలవు. అయినా కఠిన సాధన తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది మందు వల్లనే అని సరిపెట్టుకోకూడదు. కండరం చితికి అందులోని పదార్థాలు కిడ్నీలకు చేరుతుండవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.