హాలిడే హోంవర్క్ కథ: సెలవుల్లోకి బడి ఎలా వచ్చింది?

ఎండాకాలం సెలవులు మొదలైతే చాలు, మన కామెంట్లలో తొమ్మిది, పది క్లాసుల పిల్లలు ఒకటే ప్రశ్న వేస్తారు: "అన్నా, ఈ హోంవర్క్ కనిపెట్టినోడు ఎవడన్నా?" నవ్వుకోవడానికి అడిగినా మంచి ప్రశ్నే. ఇవాళ్టి ఎపిసోడ్ దాని మీదే. అయితే మామూలు హోంవర్క్ గురించి కాదు. సెలవులకి ముందు రోజు చేతిలో పెట్టే ఆ షీట్ ఉంటుంది కదా, తెలుగుకి ఇంత, మాథ్స్‌కి ఇంత, సైన్స్‌కి ఒక మోడల్, సోషల్‌కి ఒక చార్ట్ అని, దాని చరిత్ర చూద్దాం.

ముందు ఒక అబద్ధాన్ని పక్కన పెట్టేద్దాం. ఇంటర్నెట్‌లో వెతికితే రాబర్టో నెవిలిస్ అనే పేరు వస్తుంది. ఇటలీలో వెనిస్ నగరంలో ఉండే మాస్టారట, 1905లో పిల్లల్ని శిక్షించడానికి హోంవర్క్ కనిపెట్టాడట. కొన్ని సైట్లలో అదే మనిషి 1095లో ఉంటాడు. అంకెలు అటూ ఇటూ మారి ఎనిమిది వందల ఏళ్ళు వెనక్కి పోయినా ఎవరూ పట్టించుకోలేదన్నమాట. ఆయన ఉన్నాడని చెప్పే చారిత్రక ఆధారం ఒక్కటీ లేదు. అదీ కాక, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1901లోనే 15 ఏళ్ళలోపు పిల్లలకి హోంవర్క్ వద్దని చట్టం చేసింది. 1905లో పుట్టినదాన్ని 1901లో నిషేధించడం కుదరదు కదండీ.

మరి అసలు కథ ఏంటి? మన దగ్గర నుంచే మొదలుపెడదాం.

మన పాత చదువుల్లో సెలవు అంటే ఖాళీ రోజు మాత్రమే కాదు, చదవకూడని రోజు. దానికి అనధ్యయనం అని పేరు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పౌర్ణమి లాంటి తిథుల్లో వేదం చదవకూడదని ధర్మశాస్త్రాలు చెప్పాయి. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో అయితే ఉరుములు ఉరిమినప్పుడు, గాలిదుమారం లేచినప్పుడు కూడా ఆపేయమని పెద్ద జాబితానే ఉంది. సుందరకాండలో ఒక పోలిక ఇంకా బాగుంటుంది. లంకలో చిక్కిపోయిన సీతమ్మ గురించి చెబుతూ హనుమంతుడు, పాడ్యమి నాడు చదివేవాడి విద్యలాగా సన్నబడిపోయింది అంటాడు. అంటే సెలవు రోజు చదివితే ఉన్న చదువు కూడా తరిగిపోతుందని అప్పటివాళ్ళ నమ్మకం. ఈ పోలికని ఏ స్కూల్ డైరీలోనూ అచ్చు వేయరు లెండి.

ఇది వేదం చదువుకున్న కొద్దిమంది సంగతి. ఊళ్ళో వీధిబడి ఎలా ఉండేది? దానికి మనకి మంచి ఆధారం ఉంది. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయమని కలెక్టర్లని అడిగాడు. బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం కూడా కలిసే ఉండేది. ఆయన లెక్కలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ బడుల్లో 226 తెలుగు బడులు. పొద్దున్నే ఆరింటికి బడి. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడి నుంచి ఒక దెబ్బ, రెండు దెబ్బలు అలా పెరుగుతూ పోయేవి. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దేవారు.

ఇక్కడొకటి గమనించండి. ఇసుకలో రాసింది ఇంటికి తీసుకెళ్ళలేం. అచ్చు పుస్తకం ఇంట్లో ఉండదు. కాబట్టి పిల్లవాడి వెంట ఇంటికి వచ్చేది ఒక్కటే, నోటికి వచ్చింది. ఎక్కాలు, పద్యాలు, అమరం. అప్పటి ఇంటిపని అంటే వల్లెవేయడమే.

సెలవుల పని మాత్రం ఒకటి ఉండేది, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. దసరా పద్యాలు. పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెనక ఇల్లిల్లూ తిరుగుతూ పద్యాలు పాడేవారు. ఇంటివాళ్ళు అయ్యవారికి డబ్బులో ధాన్యమో, పిల్లలకి పప్పూ బెల్లమూ ఇచ్చేవారు. దీన్ని మరీ అందంగా చూడొద్దు. అయ్యవారికి జీతం సరిగా లేకపోవడం వల్ల వచ్చిన ఆచారం అది. పైగా బడికి వచ్చిందే కొందరు. ఆడపిల్లలకీ, చాలా కులాల పిల్లలకీ ఆ గుమ్మమే లేదు. కానీ ఒక విషయం ఉంది. పిల్లవాడు నేర్చుకున్నది ఊరంతా విన్నది. ఇప్పుడు మనం ప్రాజెక్ట్ ప్రెజెంటేషన్ అంటాం.

సరే, ఇప్పుడు అమెరికా వెళ్దాం. మన షీట్‌లో ఉన్న "ప్రాజెక్ట్" అనే మాట అక్కడి నుంచే వచ్చింది.

1900లో ఎడ్వర్డ్ బాక్ అనే సంపాదకుడు లేడీస్ హోమ్ జర్నల్ పత్రికలో ఒక ఘాటైన వ్యాసం రాశాడు. పిల్లల్ని రాత్రిళ్ళు పుస్తకాల మీద కూర్చోబెట్టడం దేశం మొత్తం చేస్తున్న నేరం అన్నాడు. ఆ గాలిలోనే కాలిఫోర్నియా చట్టం వచ్చింది. 1917 దాకా నిలబడింది. ఇంకోపక్క కొలంబియా టీచర్స్ కాలేజీలో పనిచేసే విలియం కిల్‌పాట్రిక్ 1918లో "ప్రాజెక్ట్ మెథడ్" అని ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఏంటంటే, పని పిల్లవాడి ఉద్దేశం లోంచి పుట్టాలి. తనకి కావాలనిపించి, తనే ప్లాన్ వేసుకుని, తనే చేసి, ఎలా వచ్చిందో తనే చూసుకోవాలి. మార్కుల కోసం చేసే పని కాదన్నమాట.

తర్వాత 1957 అక్టోబర్‌లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని అంతరిక్షంలోకి పంపింది. అమెరికాకి కంగారు పుట్టింది. మన పిల్లలు లెక్కల్లో, సైన్సులో వెనకబడిపోయారని 1958లో ఏకంగా నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ తెచ్చారు. చట్టం పేరులోనే "డిఫెన్స్" ఉంది, చూడండి. నిన్నటిదాకా ఒంటికి చెడు అన్న హోంవర్క్ ఇప్పుడు దేశభక్తి అయిపోయింది. హోంవర్క్ చరిత్రంతా ఇదే ఊయల. దేశానికి భయం వేసినప్పుడు పెరుగుతుంది, పిల్లల మీద జాలి వేసినప్పుడు తగ్గుతుంది.

ఇప్పుడు మళ్ళీ మన దేశానికి వద్దాం. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ, చదువుతో పాటు సమాజానికి పనికొచ్చే చేతిపని ఉండాలని చెప్పింది. దాని పేరే ఎస్‌యూపీడబ్ల్యూ. మీ అమ్మానాన్నల్లో చాలామందికి ఆ పీరియడ్ గుర్తుండే ఉంటుంది. ఆలోచన మంచిదే. చాలా బడుల్లో మాత్రం అది గ్రీటింగ్ కార్డులు, పేపర్ పూలు, ఒక రికార్డు పుస్తకం దగ్గరే ఆగిపోయింది.

1989లో ఒక విచిత్రం జరిగింది. మాల్గుడి కథలు రాసిన ఆర్.కె. నారాయణ్ అప్పుడు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు. ఆయన తన మొదటి ప్రసంగం స్కూల్ బ్యాగుల మీద చేశారు. పిల్లలు మూటలు మోసి మోసి వంగిపోయి, చేతులు ముందుకు వేలాడేసుకుని చింపాంజీల్లా నడుస్తున్నారని అన్నారు. ఆ మాట చాలాచోట్ల కదిలించింది. 1992లో కేంద్రం ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1993 జులైలో "బరువు లేని చదువు" అనే అర్థం వచ్చే పేరుతో నివేదిక వచ్చింది.

ఆ నివేదిక ఒక గట్టి మాట చెప్పింది. బ్యాగు బరువు కన్నా పెద్ద బరువు అర్థం కాకపోవడం. హోంవర్క్ గురించి కూడా చెప్పింది. ప్రైమరీ పిల్లలకి హోంవర్క్ వద్దు, ఇంటి చుట్టుపక్కల చూసి తెలుసుకునే పనులైతే పర్వాలేదు. పై తరగతులకి అవసరమైతే ఇవ్వొచ్చు, కానీ అది పాఠ్యపుస్తకం లోంచి ఎత్తిరాసేది కాకూడదు.

ఈ కథకి మలుపు ఇదే. "పుస్తకం లోంచి కాకూడదు" అన్నది పిల్లల భారం తగ్గించడానికి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం టైమ్ కూడా చెప్పింది. రెండో తరగతి దాకా హోంవర్క్ లేదు, మూడు నుంచి ప్రైమరీ అయ్యేదాకా వారానికి రెండు గంటలు, మిడిల్ స్కూల్‌కి రోజుకి ఒక గంట, హైస్కూల్‌కీ ఆ పైవాళ్ళకీ రోజుకి రెండు గంటలు. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ఇంచుమించు ఇవే లెక్కలు మళ్ళీ చెప్పింది.

మధ్యలో 2009లో సీబీఎస్‌ఈ సీసీఈ పద్ధతి తెచ్చింది. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు, వాటికి మొత్తం 40 శాతం వెయిటేజీ. వాటిలో ప్రాజెక్టులకీ చోటు ఉంది. ప్రాజెక్టులు బడిలోనే, టీచర్ కళ్ళముందే చేయించాలని బోర్డు చెప్పింది. కానీ సిలబస్ అవ్వాలి, క్లాసులో నలభై యాభై మంది, పీరియడ్ నలభై నిమిషాలు. టీచర్ ఏం చేస్తారు చెప్పండి? ప్రాజెక్ట్ ఇంటికి వచ్చింది. ఇంటికి వచ్చినదానికి ఎక్కువ ఖాళీ ఎక్కడుంది? సెలవుల్లో. తర్వాత సీసీఈ పోయింది, 2018 నుంచి పదో తరగతి బోర్డు పరీక్ష అందరికీ తిరిగి వచ్చింది. సెలవుల ప్రాజెక్ట్ మాత్రం అలవాటుగా ఉండిపోయింది.

చూశారా, కిల్‌పాట్రిక్ ప్రాజెక్టూ, యశ్‌పాల్ గారి నివేదికా, రెండూ పిల్లవాడిని తేలిక చేద్దామనే మొదలయ్యాయి. చేరిన చోటు ఫ్యాన్సీ స్టోర్‌లో థర్మోకోల్ షీటు.

ఎందుకిలా అయ్యింది? నేను కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి నాకు ఇది తెలిసిన జబ్బులానే కనిపిస్తుంది. ఆరు టీమ్‌లు ఆరు మాడ్యూల్స్ రాస్తాయి. ఎవరి మాడ్యూల్ వాళ్ళ దగ్గర బ్రహ్మాండంగా నడుస్తుంది. అన్నీ ఒకే మెషీన్ మీద పెడితే ఎంత లోడ్ పడుతుందో ఎవరూ చూడరు. ఇక్కడ ఆ మెషీన్ ఒక పద్నాలుగేళ్ళ పిల్ల. ఒక్కో సబ్జెక్ట్ టీచర్ "రోజుకి అరగంటే కదా" అనుకున్నారనుకోండి. ఆరు సబ్జెక్టులకి మూడు గంటలు. 45 రోజుల సెలవులకి 135 గంటలు. బడి రోజు ఆరు గంటలు అనుకుంటే, 22 రోజుల బడి ఇంటికి పంపినట్టు. బడి నడిచే రోజుల్లోనే పై పరిమితి రెండు గంటలు అంటుంటే, సెలవుల్లో మూడు! ఏ ఒక్క టీచర్‌దీ తప్పు కాదు. కూడిక ఎవరూ చేయలేదు, అంతే.

ఇంకో ప్రశ్న అసలైనది. ఆ పని ఎవరు చేస్తున్నారు? చదువుకున్న అమ్మానాన్నలు ఉన్న ఇంట్లో వాళ్ళు చేస్తారు. డబ్బులున్న ఇంట్లో మోడల్ కొనేస్తారు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక వ్యాసాలు అదే రాసిపెడుతోంది. ఇంట్లో మొదటిసారి హైస్కూల్ గడప తొక్కిన పిల్ల సంగతేంటి? జూన్‌లో బడి తెరిచిన రోజు అందరి చార్టులూ గోడకెక్కుతాయి. తను స్కెచ్ పెన్నుతో గీసుకున్న చార్ట్, ప్రింట్ తీసి అంటించిన చార్ట్ పక్కన ఉంటుంది. ఆ రోజు ఆ పిల్ల నేర్చుకునేది సైన్సు కాదు. తన స్థాయి ఏంటో నేర్చుకుంటుంది. నాకు భయం వేసేది అక్కడే.

అలాగని సెలవుల్లో ఏమీ వద్దు అనడం కూడా సరికాదు. అమెరికాలో హారిస్ కూపర్ బృందం 1996లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, ఎండాకాలం సెలవుల్లో పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనక్కి పోతున్నారని, లెక్కల్లో ఇది ఎక్కువని చెప్పింది. తర్వాత వచ్చిన కొందరు పరిశోధకులు ఆ కొలతల్ని ప్రశ్నించారు కూడా. కానీ వాడకపోతే మర్చిపోతాం అన్నది మన ఎక్కాల అనుభవమే.

మరి ఏం ఇవ్వాలి? పిల్లలు ఎక్కడుంటే అక్కడ దొరికేది. భద్రాచలం, ఆదిలాబాద్ వైపు ఎండాకాలం తునికాకు సీజన్. కట్టకి 50 ఆకులు, వెయ్యి కట్టలు కలిపితే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే బ్యాగుకి 50 వేల ఆకులు. ఆ ఇంటి పిల్ల బ్యాగు రేటుని బట్టి ఒక్క ఆకుకి ఎంత పడుతుందో లెక్క కడితే మాథ్స్ అయింది. చెట్టు గురించి అమ్మమ్మ చెప్పింది రాస్తే తెలుగు అయింది. ఆకు కొనేది ఎవరు, బీడీ ఎక్కడ చుడతారు అని అడిగితే సోషల్ అయింది. పొగాకు ఊపిరితిత్తులకి ఏం చేస్తుందో చదివితే బయాలజీ. నాలుగు సబ్జెక్టులకి ఒకే పని. ఖర్చు ఒక నోట్‌బుక్. ఇందులో హైదరాబాద్ అపార్ట్‌మెంట్ పిల్లవాడి కంటే ఆ పిల్లకే ఎక్కువ తెలుసు. కోస్తాలో అయితే ఉప్పు మడి, చిత్తూరులో మామిడి మండీ, హైదరాబాద్‌లో నీళ్ళ ట్యాంకర్ బిల్లు. దేనితోనైనా ఇలాగే చేయొచ్చు.

యశ్‌పాల్ కమిటీ 1993లో అడిగింది ఇలాంటిదే. పెద్ద సంస్కరణ కూడా అక్కర్లేదు. స్టాఫ్‌రూమ్‌లో ఆరుగురు టీచర్లు ఒక పావుగంట కూర్చుని, షీట్ కింద "మొత్తం ఎన్ని గంటలు" అని ఒక గీత గీసి కూడిక వేస్తే చాలు. తల్లిదండ్రులకీ ఒక మాట. ఈసారి పిల్లల చార్ట్ మీరు వేయకండి. వంకర గీతైనా వాళ్ళే గీయనివ్వండి. గోడ మీద అందరివీ వంకరగా ఉంటే ఎవరికీ చిన్నతనం ఉండదు.

పిల్లలూ, మీ షీట్‌లో ఏ సబ్జెక్ట్‌కి ఎన్ని గంటలు పట్టిందో కూడి కామెంట్‌లో పెట్టండి. టీచర్లు చూస్తున్నారు, మర్యాదగా రాయండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.