వాళ్ళకి ఊటీ చల్లగాలి, మనకి అటవీ చట్టం



రోజూ కాసేపు చెట్ల మధ్య నడవండి, బీపీ తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది అని ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. జపాన్ అటవీ శాఖ 1982లో దీనికి ‘షిన్‌రిన్ యోకు’ అని పేరు పెట్టింది. అంటే అడవి స్నానం. మన అవ్వలు వింటే నవ్వుతారు. కానీ ఆ అడవిలో తిరగడానికే మనవాళ్ళు ప్రాణాలు ఇవ్వాల్సి వచ్చింది. ఈ రోజు ఆ చరిత్ర చెప్పుకుందాం.

కొండగాలి విలువ బ్రిటిష్ వాళ్ళకి బాగా తెలుసు. ఎండలు ముదిరితే మద్రాసు గవర్నరు, పెద్ద ఆఫీసర్లు ఊటీకి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ నీలగిరులు తోడ, కోట, కురుంబ, ఇరుల జనం నేల. అదే మద్రాసు ప్రభుత్వం 1882లో అటవీ చట్టం తెచ్చింది. మన్యం కొండలు రిజర్వు అడవులయ్యాయి. పోడు కొడితే తప్పు, పశువుల్ని తోలితే తప్పు, కట్టెలు తెస్తే తప్పు. దుంపలు, తేనె, ఆకుకూరలు దొరికే చోటికి భయపడుతూ వెళ్ళాల్సి వచ్చింది. ఆరోగ్యం కోసం కొండెక్కినవాళ్ళే కొండల్లో పుట్టినవాళ్ళకి అడ్డం పెట్టారు.

పైగా గూడెం కొండల్లో రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించారు. ఆ కోపమే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడిగా బయటికొచ్చింది. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కన నిలబడ్డ గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు కూడా మనం మర్చిపోకూడదు. నిజాం రాజ్యంలోనూ ఇదే కథ. రిజర్వు పేరుతో గోండు, కోలాం గూడేలను ఖాళీ చేయించారు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం, ఆయనతో ఉన్నవాళ్ళు పోలీసు కాల్పుల్లో అమరులయ్యారు.

ఇంకో సంగతి చూడండి. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రి మొదలైంది. అప్పటికి టీబీకి సరైన మందు లేదు. మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి, కడుపునిండా తిండి, అదే వైద్యం. అంటే ఒకే ప్రెసిడెన్సీలో ఒకచోట గాలి మందు, ఇంకోచోట అదే గాలికి కాపలా!

తర్వాత సైన్సు కూడా లెక్కలు తీసింది. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పోల్చి 1984లో అచ్చు వేశారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు, ఇటుక గోడ కనిపించినవాళ్ళకన్నా త్వరగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. పిల్లలకి దూరపు చూపు తగ్గకుండా ఉండాలని తైవాన్ 2010 నుంచి బడి పిల్లల్ని రోజూ 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం పెట్టింది.

అడవిలో ఉంటే రోగాలు రావని మేం అనట్లేదు. మన్యం జ్వరం ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసిందో మన పెద్దలు చెప్తారు. దోమతెర కావాలి, మందు కావాలి, ఊరికి డాక్టరూ రావాలి. వాటితోపాటు గాలీ వెలుతురూ కావాలి.

మరి మన సంగతి? ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళం. పొద్దున క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి ఫోను. ఒక రూములో ఇంతమంది, ఒక్క కిటికీ. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఇంటిమీద బెంగ ఎవరికి లేవు? తాతలు కొట్లాడి నిలుపుకున్నదాన్ని మనం ఊరికే వదిలేస్తున్నాం. చదువు మానమని కాదు. పొద్దున్నే ఎండలో అరగంట నడుద్దాం, సాయంత్రం గ్రౌండులో ఆడుకుందాం, ఆదివారం అందరం కలిసి థింసా, గుస్సాడీ ఏదొస్తే అది వేద్దాం. ఆడపిల్లలకీ గ్రౌండు గేటు తెరవమని హాస్టళ్ళలో కలిసి అడుగుదాం.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఇంకో పని. 2006 అటవీ హక్కుల చట్టం సాగుభూమికి పట్టా ఒక్కటే చెప్పలేదు, ఊరంతటికీ ఉమ్మడి హక్కు కూడా ఉందని చెప్పింది. మీ గ్రామసభ ఆ దరఖాస్తు పెట్టిందో లేదో పెద్దల్ని అడగండి. పెట్టకపోతే రాసిపెట్టడానికి చదువుకున్న మనమే ఉన్నాం.

జై ఆదివాసీ!